నాన్నగారు వీలునామా రాయలేదు, ఇప్పుడు పెత్తనం ఎవరికివ్వాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈ మాఘమాసంలో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 74. వీలునామా రాయలేదు. ఇంట్లో అమ్మ, 92 ఏళ్ళ నాయనమ్మ ఉన్నారు. మేం నలుగురం పిల్లలం. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. తర్వాత నేను, మా ఆయన ఉద్యోగరీత్యా తెనాలిలోనే ఉంటాం. తమ్ముడు 2021లో కోవిడ్‌తో పోయాడు, మరదలూ పదకొండేళ్ళ పాపా ఉన్నారు. చెల్లి హైదరాబాదులో ఉంటుంది.

ఆస్తి అంటే డాబా ఇల్లు, నాన్న కొన్న ఎకరం 20 సెంట్ల మాగాణి, తాతగారి నుంచి వచ్చిన ఇంకో ఎకరం. ఒక బ్యాంకులో 11 లక్షల డిపాజిట్ ఉంది, దానికి నామినీ అన్నయ్య. ఇంకో బ్యాంకులో 4 లక్షలున్నాయి, వాటికి నామినీ లేరు. ఊళ్ళో ఒకాయనకి 3 లక్షలు అప్పిచ్చిన ప్రోనోటు ట్రంకుపెట్టెలో దొరికింది, 2023 జూన్‌లో రాసింది. సొసైటీలో లక్షన్నర పంట రుణం కూడా ఉంది.

తనని అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టి అందరం జీపీఏ (మా తరఫున అన్ని వ్యవహారాలూ చేసే అధికారపత్రం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసివ్వమని అన్నయ్య అంటున్నాడు. కోర్టులూ గొడవలూ ఎందుకు, ఆడపిల్లలూ మరదలూ అభ్యంతరం లేదని సంతకాలు పెడితే మిగతాది నేను చూసుకుంటానని బాబాయి అంటున్నాడు. నామినీ లేని డబ్బుకి కోర్టు ఆర్డరు తెమ్మని బ్యాంకువాళ్ళు అన్నారు. నాన్న పోయిన మర్నాడు ఖర్చులకి ఆయన ఏటీఎం కార్డుతో నేను 60,000 తీశాను. అది నేరమేమోనని నిద్ర పట్టడం లేదు. ఇంట్లోవాళ్ళనే ఎవరినైనా ఆస్తి చూసుకోడానికి నియమించుకోవచ్చా? ఎవరిని?

సమాధానం: అమ్మా, ముందు ఆ 60,000 సంగతి. మీకు నిద్ర పట్టాలి.

మనిషి పోయిన క్షణం నుంచి ఆయన ఖాతాలో డబ్బు వారసులందరిదీ అవుతుంది, కాబట్టి ఆ కార్డు ఇంక ఎవరూ వాడకూడదు. ఆ మాట నిజమే. కానీ మీరు తీసింది దాచుకోడానికి కాదు కదా, కట్టెలకీ పురోహితుడికీ పెద్దకర్మ భోజనాలకీ. దహన సంస్కారాల ఖర్చు, పోయే ముందు నెల రోజుల్లో అయిన వైద్యం ఖర్చు, ఆ మనిషి స్థాయికి తగిన మేరకు, మిగతా అప్పులన్నిటికంటే ముందు ఆయన ఆస్తిలోంచే తీర్చాలని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతోంది. ఇవాళే ఒక పొడుగు లెక్కల పుస్తకం కొనండి. మొదటి పేజీలో ఏ తేదీన ఎంత తీశారో, దేనికి ఎంత అయిందో రాయండి. బిల్లున్నదానికి బిల్లు అతికించండి, లేనిదానికి డబ్బు పుచ్చుకున్నవాళ్ళ పేరు రాయండి. ఆ తర్వాత కార్డు బ్యాంకులో అప్పగించి, నాన్నగారు పోయిన తేదీ, మీరు తీసిన మొత్తం ఒక కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని రండి. ఆయన పోయాక కూడా పెన్షన్ ఏ నెలైనా ఖాతాలో పడి ఉంటే దాన్ని ముట్టుకోకండి, అది ట్రెజరీకి వెనక్కి వెళ్ళాల్సిన డబ్బు. ఫ్యామిలీ పెన్షన్ మాత్రం పూర్తిగా మీ అమ్మగారిదే, అందులో ఎవరికీ వాటా ఉండదు. ఆ దరఖాస్తు ఇంకా పెట్టకపోతే వెంటనే పెట్టించండి.

ఇక ఇంట్లోవాళ్ళని నియమించుకోవచ్చా అన్న ప్రశ్న. నిక్షేపంలా నియమించుకోవచ్చు. కాకపోతే ఆ మాటని మీ ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు. మీ అన్నయ్య ఉన్నచోట వీలునామా లేకుండా ఎవరైనా పోతే సాధారణంగా కోర్టు ఒక అడ్మినిస్ట్రేటర్ని పెడుతుంది. ఆ మనిషి అప్పులు తీర్చి, మిగిలింది వారసులకి అప్పగిస్తాడు. ఆయన చూసిన పద్ధతి అది. అది మన దగ్గరా ఉంది, లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అంటారు. జిల్లా కోర్టులో వేసుకోవాలి. పిటిషన్లో నాన్నగారు ఎప్పుడు ఎక్కడ పోయారు, బంధువులెవరు, ఎక్కడెక్కడ ఉంటున్నారు, ఆస్తి విలువెంత అన్నవన్నీ రాయాలి. హిందువుల విషయంలో వాటా ఉన్న ఏ వారసుడైనా, వారసురాలైనా అడగొచ్చు. ఒకరికి మించి అడిగితే ఒకరికిస్తారా, ఇద్దరు ముగ్గురికి కలిపి ఇస్తారా అన్నది జడ్జిగారి ఇష్టం. పెద్దకొడుకు కాబట్టి ఆయనకే ఇవ్వాలన్న నియమం చట్టంలో ఎక్కడా లేదు.

అయితే మీకు అది తప్పనిసరి కాదు. వీలునామా లేకుండా పోయిన హిందువుల ఆస్తిలో హక్కు చూపించుకోడానికి ఆ ఉత్తర్వు ఉండి తీరాలన్న షరతు లేదు. ముస్లింలకీ, భారతీయ క్రైస్తవులకీ కూడా లేదు. నాన్నగారు కన్నుమూసిన క్షణానే ఆస్తి చట్టప్రకారం మీ అందరికీ సంక్రమించింది. ఇప్పుడు ఎవరో నియమితులై మీకు దాన్ని ఇవ్వాల్సిన పని లేదు.

కోర్టు నియమించిన మనిషి నెత్తిన ఏమేం పెడుతుందో కూడా మీ అన్నయ్యకి చెప్పండి. పూచీకత్తు ఇచ్చేవాళ్ళతో కలిసి బాండు రాసివ్వాలి. ఆరు నెలల్లోగా ఆస్తులూ అప్పుల జాబితా కోర్టుకివ్వాలి. ఏడాదిలోగా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది లెక్క చూపాలి. పొలమో ఇల్లో అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, అయిదేళ్ళకి మించి కౌలుకివ్వాలన్నా ముందుగా కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. చట్టం దృష్టిలో ఆ మనిషి అందరి తరఫునా లెక్క అప్పజెప్పాల్సినవాడు, అంతే. వారసుల్లో ఒకరు సంతకానికి రాకపోయినా, ఎక్కడున్నారో తెలియకపోయినా, నోటిమాట మీద నమ్మకం పోయేంత తగాదా ఉన్నా ఆ దారే మంచిదని నేనే చెబుతాను. మీ ఇంట్లో ఇంకా అంతవరకూ రాలేదు. రాకుండా చూసుకునే వీలు ఇప్పుడుంది.

పెత్తనం ఎవరికివ్వాలో తేల్చేముందు ఆస్తి ఎవరిదో తేల్చుకోండి. మీరు హిందూ కుటుంబం కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం చెబుతున్నాను, మిగతా మతాలవారికి వాటాల లెక్క వేరు. నాన్నగారి స్వార్జితానికి మొదటి వరసలో వారసులు ఆయన భార్య, కొడుకులు, కూతుళ్ళు, ఆయన తల్లి, ఆయనకంటే ముందే పోయిన బిడ్డ తాలూకు వాళ్ళు. మీ ఇంట్లో లెక్క వేస్తే మీ అమ్మ ఒకరు, అన్నయ్య ఒకరు, మీరు ఒకరు, చెల్లి ఒకరు, తమ్ముడి వాటా ఒకటి, నాయనమ్మ ఒకరు. ఆరు వాటాలు. మీరు జాబులో నాయనమ్మని ఇంట్లో ఉన్న మనిషిగా రాశారు గానీ వారసురాలిగా రాయలేదు. మీ ఒక్కరి పొరపాటు కాదిది, నా దగ్గరికొచ్చే ఇళ్ళలో చాలావాటిలో పోయినవాళ్ళ తల్లిని లెక్కలోకే తీసుకోరు. కొడుకు పోయిన తల్లికి కొడుకు ఆస్తిలో మనవలతో సమానంగా వాటా ఉంది.

నాన్నగారు కొన్న ఎకరం 20 సెంట్లూ ఆరు వాటాలు వేస్తే తలకి 20 సెంట్లు. తమ్ముడి వాటా 20 సెంట్లలో మరదలికి పది, పాపకి పది. ఇల్లూ, బ్యాంకు డబ్బూ, ప్రోనోటు బాకీ కూడా ఇదే లెక్కన.

తాతగారి ఎకరం సంగతి మాత్రం దస్తావేజు చూడకుండా ఎవరేం చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే. తాతగారు 1956 తర్వాత పోయి, ఆయన స్వార్జితం వారసత్వంగా నాన్నగారికి వచ్చి ఉంటే అదీ నాన్నగారి సొంత ఆస్తి కిందికే వస్తుంది, పై ఆరు వాటాల లెక్కే దానికీ వర్తిస్తుంది. అలా కాక అది ముత్తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయి, పంపకాల్లో నాన్నగారి భాగానికి వచ్చి ఉంటే మీకందరికీ పుట్టుకతోనే హక్కుంది, అప్పుడు లెక్క మారిపోతుంది. పాత భాగపత్రం మీ బాబాయి దగ్గర ఉండొచ్చు. నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకోండి.

ఆడపిల్లలకి పెళ్ళిలో పెట్టాం కదా, పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా అని మీ బాబాయి అంటే ఏం చెప్పాలో తెలిసి ఉండాలి. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 నుంచీ ఉంది. ఉమ్మడి ఆస్తిలో మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి హక్కిచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్ళితో నిమిత్తం లేకుండా కూతుళ్ళందరికీ వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చి చెప్పింది. పెళ్ళిలో పెట్టినదాంతో ఈ హక్కు చెల్లిపోదు. చెల్లెలో మీరో వాటా వద్దనుకుంటే అది మీ ఇష్టం, మీ ఔదార్యం. దాన్ని ఇవాళ, కన్నీళ్ళు ఆరకముందు, ఎవరో తెచ్చిన స్టాంపు కాగితం మీద తేల్చెయ్యకండి.

ఇప్పుడు మనిషి సంగతి. దీనికి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా నాన్నగారు పోయాక మా పెద్దన్నయ్యే అన్నీ చూశాడు. రూపాయి తినే మనిషి కాదు. కౌలు డబ్బు తెచ్చేవాడు, అమ్మ మందులకి ఖర్చుపెట్టేవాడు, వానకి కారుతోందని ఇంటి స్లాబు బాగుచేయించాడు. ఏదీ రాయలేదు. మూడేళ్ళ తర్వాత పంపకాలకి కూర్చున్న రోజు మా అక్క భర్త నెమ్మదిగానే అడిగాడు, బావా, మూడేళ్ళ కౌలు ఎంతొచ్చింది, ఏమైంది అని. అన్నయ్య లోపలికెళ్ళి పాత చొక్కాల జేబుల్లోంచి మందుల చీటీలు ఏరుకొచ్చి నవారు మంచం మీద పరిచాడు. నాలుగు మడతలు పెట్టినవి, కొన్నిటి మీద సిరా చెమటకి తడిసి నీలంగా పాకిపోయింది. ఒక్కోటీ వేలితో సాఫుచేసి, చదవడానికి కళ్ళజోడు పైకీ కిందకీ జరిపాడు. లెక్క కలవలేదు. చీటీలు అలాగే వదిలేసి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళు ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు లేవు. నేనప్పటికే సివిల్ కోర్టులో పదేళ్ళ నుంచీ ఉన్నాను. లెక్క రాయమని అన్నయ్యకి చెబితే అనుమానించినట్టుంటుందని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నన్నిప్పటికీ బాధిస్తుంది. అందుకే మీకు పుస్తకం కొనమని మొదటే చెప్పాను.

మీ అన్నయ్య మంచివాడే అయి ఉంటాడు. కానీ ఈ పని డల్లాస్ నుంచి అయ్యేది కాదు. వీఆర్వో విచారణకి వచ్చిన రోజు ఇంట్లో ఉండాలి, తహసీల్దారు ఆఫీసుకి తిరగాలి, బ్యాంకులో క్యూలో నిలబడాలి. పేరు ఆయనదీ తిరిగేది ఇంకొకరూ అయితే, ఆ ఇంకొకరు బాబాయి అవుతారు. మీ అందరి జీపీఏ అన్నయ్య పేరున, అన్నయ్య చెప్పాడన్న మాట బాబాయి నోట, ఇలా తయారవుతుంది పరిస్థితి. మీరూ మరదలూ ఇద్దరూ కలిసి ఈ భారం ఎత్తుకోవాలని నా అభిప్రాయం. మీరు దగ్గర్లో ఉన్నారు, నాన్నగారి వ్యవహారాలు తెలుసు. మరదలు ఎందుకంటే, ఈ ఇంట్లో అందరికంటే గొంతు తక్కువ ఉన్న వాటా ఆమెదీ పాపదీ. లెక్కల పుస్తకంలో ఆమె సంతకం కూడా ఉంటే ఆ ఇద్దరికీ అన్యాయం జరిగే అవకాశం సగం తగ్గిపోతుంది. ఆమెకి ఆఫీసుల భాష తెలియదని ఎవరైనా అంటే, నాలుగు నెలల్లో నేర్చుకుంటుందని చెప్పండి.

నోటిమాటగా కాక ఇది కాగితం మీద ఉండాలి. స్టాంపు పేపరు మీద ఒక అంగీకార పత్రం రాయించి నోటరీ చేయించండి. వారసులెవరు, వాటాలెన్ని, ఆస్తులేమిటి, అప్పులేమిటి అన్నవి పేరుపేరునా ఉండాలి, నాయనమ్మ పేరుతో సహా. మీ ఇద్దరూ ఆఫీసులకి దరఖాస్తులు పెట్టొచ్చు, కౌలు వసూలు చేయొచ్చు, మీ ఇద్దరి ఉమ్మడి సంతకం మీద నడిచే ఒక కొత్త ఖాతా తెరిచి వచ్చినదంతా అందులో వెయ్యొచ్చు, పంట రుణం తీర్చొచ్చు, అమ్మ, నాయనమ్మల ఖర్చులు చూడొచ్చు అని రాయండి. అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం, ఎవరి హక్కునైనా వదులుకునే అధికారం మీకు లేవని కూడా అంతే స్పష్టంగా రాయండి. ప్రతి నెలా మొదటి వారంలో పుస్తకం పేజీ ఫోటో తీసి అందరికీ వాట్సాప్‌లో పెడతామని ఒక వాక్యం. గడువు ఒక ఏడాది. కావాలంటే మళ్ళీ పొడిగించుకోవచ్చు.

అన్నయ్య జీపీఏ అడగడం కాదు, ఆయనే మీకు ఒక పవర్ ఇవ్వాలి. ఫలానా బ్యాంకు పని, ఫలానా మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) పని అని పని పేరు రాసి, అంతవరకే పరిమితమైన స్పెషల్ పవర్ చాలు. అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరింపజేసి పంపిస్తే, అది మన దేశంలో అందిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో చేస్తారు. మూడు నెలలు దాటబెట్టుకుని మళ్ళీ మొదటికొచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. నాన్నగారు బతికుండగా ఎవరికైనా జీపీఏ రాసి ఉంటే అది ఆయనతోనే పోయింది. దాంతో ఎవరైనా ఏదైనా చేస్తామంటే ఒప్పుకోకండి.

బ్యాంకుల దగ్గరికి వద్దాం. నామినీ లేని 4 లక్షలకి కోర్టు ఆర్డరు అక్కర్లేదు. పోయిన ఖాతాదారుల డబ్బు గురించి రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది. నామినీ లేకపోయినా, వీలునామా, తగాదా లేనప్పుడు 15 లక్షల వరకూ, సహకార బ్యాంకైతే 5 లక్షల వరకూ, తేలిక పద్ధతిలోనే ఇచ్చేయాలి. క్లెయిము ఫారం, మరణ ధ్రువపత్రం, గుర్తింపు కార్డులు, వారసుల సర్టిఫికెట్ లేదా కుటుంబాన్ని బాగా తెలిసిన బయటి వ్యక్తి డిక్లరేషన్, డబ్బు తీసుకునేవాళ్ళ ఇండెమ్నిటీ బాండు (బ్యాంకుకి నష్టం వస్తే భరిస్తామన్న పూచీ), మిగతా వారసుల నిరభ్యంతర పత్రం, ఇవి సరిపోతాయి. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి. మేనేజరుగారితో పోట్లాడకుండా, ఆ ఆదేశాల ప్రకారం క్లెయిము ఇస్తున్నామని పైన రాసి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాసిమ్మనండి. ఇక్కడ మీరు పెట్టే నిరభ్యంతర పత్రం ఆ నాలుగు లక్షలూ ఫలానావాళ్ళ చేతికివ్వమని చెప్పేంతవరకే. బాబాయి తెచ్చే కాగితం పేరు కూడా అదే కావచ్చు, లోపల మాత్రం పొలం హక్కు వదులుకున్నట్టు రాసి ఉండొచ్చు. పేరు చూసి సంతకం పెట్టకండి, ప్రతి అక్షరం చదవండి, ఖాళీ స్టాంపు కాగితం మీద ప్రాణం పోయినా పెట్టకండి.

11 లక్షలు నామినీగా మీ అన్నయ్య చేతికి వస్తాయి. బ్యాంకు ఆయనకిస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, అంతవరకే. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులదని బ్యాంకు ఖాతాల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ 11 లక్షల్లో ఆయన సొంతం ఆరో వంతు, అంటే 1,83,333 రూపాయలు. మిగతాది మీ ఉమ్మడి ఖాతాలో వెయ్యమని చెల్లెలితో చెప్పించండి. కొన్ని మాటలు చిన్న చెల్లెలు అడిగితేనే అన్నలకి నొప్పి తగలదు.

సొసైటీ రుణం పంపకాలకి ముందే ఇందులోంచి కట్టేయండి, వడ్డీ పెరగనివ్వొద్దు. తండ్రి అప్పుకి పిల్లల బాధ్యత వాళ్ళకి వచ్చిన ఆస్తి మేరకే గానీ అసలు బాధ్యత లేకుండా పోదు. నాన్నగారి ఆదాయపు పన్ను రిటర్న్ వేసేది ఉంటే వారసురాలిగా పోర్టల్లో నమోదు చేసుకుని మీరు వెయ్యొచ్చు.

పొలానికి ముందుగా కావలసింది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెడితే తహసీల్దారు ఇస్తారు. అందులో నాయనమ్మ, మరదలు, పాప ముగ్గురి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకునే తీసుకోండి. తర్వాత మ్యుటేషన్‌కి పెట్టేటప్పుడు అందరి పేర్ల మీద ఉమ్మడిగా పెట్టండి. ముందు ఒకరి పేరు మీద చేయించుకుందాం, తర్వాత పంచుకుందాం అని బాబాయి అంటే వద్దనండి. 1బీ అనే రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు మారదు, నిజమే, కానీ ఒక పేరు మీద పాస్ పుస్తకం వచ్చాక దాన్ని పట్టుకుని అప్పులు తెచ్చినవాళ్ళున్నారు, అమ్మజూపినవాళ్ళున్నారు, ఆ తర్వాత కోర్టులో పదేళ్ళు గడిచిపోతాయి. పొలం, ఇల్లు వాటాలు వేసుకునే రోజున పంపకాల దస్తావేజు గానీ, ఎవరైనా వాటా వదులుకుంటే హక్కు విడుదల పత్రం గానీ రిజిస్టరు చేయాల్సిందే.

పాప వాటా పది సెంట్లు. తల్లి సహజ సంరక్షకురాలే అయినా, ఆ పది సెంట్లు అమ్మాలన్నా వదులుకోవాలన్నా ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా చేస్తే, పాప మేజరయ్యాక, మూడేళ్ళలోపు, దాన్ని రద్దు చేయించుకోవచ్చు. మరదలి చేత పాప తరఫున సంతకం పెట్టించుకుని పొలం కొన్నవాడు ఆ పాపకి 21 ఏళ్ళు వచ్చేదాకా ఆ భయంతోనే ఉండాలి. ఈ మాట బాబాయికి చెబితే ఆయనే తగ్గుతారు.

నాయనమ్మ సంగతి కొంచెం ఓపిగ్గా వినండి. ఆమె వాటా 20 సెంట్లు తేల్చి పంచుకోకముందే ఆమెకేదైనా జరిగితే, ఆ వాటా ఆమె పిల్లల వరసలో వెళుతుంది. అంటే బాబాయికి, మేనత్తలుంటే వాళ్ళకీ వాటా వస్తుంది. అందులో నాన్నగారికి రావలసిన వాటా ఆయన పిల్లలుగా మీకు వస్తుంది, మీ అమ్మకి కాదు. మీ నాన్నగారు కొన్న పొలంలోకి బాబాయి హక్కుదారుగా వస్తారన్నమాట. ఆయన మనసులో ఏముందో నేను అనను, మీకు ఈ లెక్క తెలిసి ఉండాలి. అలాగని 92 ఏళ్ళ మనిషి వేలిముద్ర హడావుడిగా వేయించుకోవడం మహాపాపం. ఆమెని కూర్చోబెట్టి, ఇదిగో నీ వాటా, అమ్ముకోవచ్చు, ఉంచుకోవచ్చు, నీకిష్టమైనవాళ్ళకి ఇవ్వొచ్చు అని మీ అమ్మగారి ఎదుట, బాబాయి ఎదుట కూడా చెప్పండి. ఆమె ఏమంటే అది. ఎవరికైనా ఇస్తానంటే కదలలేని వాళ్ళ కోసం సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే వీలుంది. ఉంచుకుంటానంటే ఆమె వాటా కౌలు పుస్తకంలో విడిగా రాసి, ఆమె మందులకీ పాలకీ వాడండి.

ఇల్లు అమ్మే ఆలోచన ఎవరికైనా ఉంటే మీ అమ్మగారు ఉన్నన్నాళ్ళూ పక్కన పెట్టమని చెల్లినీ అన్నయ్యనీ ఒప్పించండి. ఎవరికైనా డబ్బు అవసరమై తన వాటా అమ్ముకోవాలంటే, బయటివాళ్ళకంటే ముందు మిగతా వారసులకి కొనుక్కునే హక్కు చట్టం ఇచ్చింది, పొలానికి కూడా అది వర్తిస్తుంది.

ఇవన్నీ నాలుగైదు నెలల పని, నెమ్మదిగా చేసుకోవచ్చు. నెమ్మది పనికిరానిది ఆ ప్రోనోటు. రాసిన తేదీ నుంచి మూడేళ్ళు దాటితే దానికి కాలదోషం పడుతుంది, ఇచ్చిన మనిషి పోయాడని గడువు ఆగదు. మీది 2026 జూన్‌తో తీరిపోతుంది. మేలో సివిల్ కోర్టులకి వేసవి సెలవులు. ఈ వారంలోనే ఊరి పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకుని ఆ బాకీదారు ఇంటికి వెళ్ళండి. మొత్తం ఇవ్వలేకపోతే అయిదో పదో వేలు ఇప్పించుకుని, ఆ చెల్లు ప్రోనోటు వెనక ఆయన చేతిరాతతోనే, తేదీ వేసి, సంతకంతో రాయించుకోండి. ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. ఆయన తర్వాత చూద్దామంటే గడువులోగా దావా వెయ్యాల్సిందే. అన్నయ్య సంతకం రాలేదని ఆగకండి, రాని వారసుల్ని ప్రతివాదులుగా చూపించి వెయ్యొచ్చు. పోయినవాళ్ళకి రావలసిన బాకీకి డిక్రీ ఇవ్వాలంటే కోర్టు సక్సెషన్ సర్టిఫికెట్ (ఆ బాకీ వసూలు చేసుకునే హక్కు ఎవరిదో చెప్పే కోర్టు ధ్రువపత్రం) అడుగుతుంది, మీ మొత్తం వ్యవహారంలో కోర్టు కాగితం నిజంగా అవసరమయ్యేది ఈ ఒక్కదానికే. అది దావా వేసేనాటికే ఉండక్కర్లేదు, డిక్రీ లోపు తెస్తే చాలు. దానికి దరఖాస్తు మాత్రం వెంటనే పెట్టండి, పేపరు ప్రకటనకీ నోటీసులకీ నెలలు పడుతుంది.

జాబులో 2023 జూన్ అని నెల రాశారు, తేదీ రాయలేదు. ట్రంకుపెట్టె తెరిచి ఆ తేదీ చూసి, వెనకవైపు నాన్నగారు బతికుండగా రాయించుకున్న చెల్లు ఏదైనా ఉందేమో కూడా చూసి, రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపండి.